తేదీలు కలవని మూడు సిరీస్‌లను ఒకే చార్టులో గీయడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. వర్షపాతం రోజూ రాస్తున్నారు. బావిలో నీటిమట్టం వీలైనప్పుడు కొలుస్తున్నారు, ఒక్కోసారి మూడు రోజులకు, ఒక్కోసారి రెండు వారాలకు. పంపు మీటరు రీడింగ్ నెలకోసారి. మూడింటికీ విడివిడిగా తేదీల కాలమ్ ఉంది. అన్నీ కలిపి ఎక్సెల్‌లో లైన్ చార్టు వేస్తే వర్షపాతం ఏడాది పొడవునా వచ్చింది, నీటిమట్టం ఫిబ్రవరిలోనే ఆగిపోయింది, మీటరు గీత ఎడమ అంచున ఇరుక్కుంది. తేదీలు సరిగ్గానే ఉన్నాయి కదా, ఎందుకిలా అని అడిగారు.

ముందు జవాబు: లైన్ చార్టు వదిలేసి స్కాటర్ చార్టు వేయండి, చుక్కల్ని సరళరేఖలతో కలిపే రకం. ప్రతి సిరీస్‌కూ, అంటే ఒక్కో కొలతల వరుసకూ, దాని సొంత తేదీలను ఎక్స్ (అడ్డం) విలువలుగా, దాని కొలతలను వై (నిలువు) విలువలుగా విడిగా ఇవ్వండి. మీరు అడిగిన సమస్య ఇంతటితో తీరుతుంది. అయితే వర్షపాతానికి గీత కన్నా నిలువు కడ్డీలు బాగుంటాయి, మీటరు రీడింగును ఉన్నది ఉన్నట్టు గీస్తే పెద్దగా ఏమీ తెలియదు. అందుకే ఇంకాస్త రాస్తున్నాను.

ఎందుకిలా అవుతుందంటే, ఎక్సెల్ లైన్ చార్టులో ఒకే యాక్సిస్ (చార్టు అంచున ఉండే కొలబద్ద) మీద ఉన్న సిరీస్‌లన్నీ ఒకే తేదీల జాబితాను పంచుకుంటాయి. ఆ జాబితా మొదటి సిరీస్‌ది. రెండో సిరీస్‌కు వేరే తేదీలు ఇచ్చినా డైలాగ్ బాక్స్ వద్దనదు, ఎర్రర్ కూడా రాదు, కానీ గీసేటప్పుడు వాటిని పట్టించుకోదు. విలువ ఎన్నోది అన్నదొక్కటే చూస్తుంది. మీ వర్షపాతం జనవరి 1 నుంచి 365 రోజులు ఉండి, నీటిమట్టం కొలతలు ఏడాదికి 40 ఉంటే, డిసెంబరులో తీసిన ఆఖరి కొలత వెళ్లి 40వ రోజు మీద, అంటే ఫిబ్రవరి 9 మీద కూర్చుంటుంది. మీటరు రీడింగులు పన్నెండూ జనవరి 12 లోపే అయిపోతాయి. మీరు చూసింది అదే.

నిజానికి మీ కేసులో తప్పు కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించింది కాబట్టి నయం. కొలతల సంఖ్య దాదాపు సమానంగా ఉన్నప్పుడే అసలు ప్రమాదం. ఒకసారి నా దగ్గరకు వచ్చిన ఫైల్‌లో రెండు వారపు సిరీస్‌లు ఉన్నాయి, ఒకదానిలో మధ్యలో కొన్ని వారాలు లేవు. చార్టు చక్కగానే ఉంది, రెండు గీతలూ దాదాపు చివరిదాకా వచ్చాయి. కానీ ఆ ఖాళీ వారాల తర్వాత రెండో గీత మొత్తం ఎడమకు జరిగింది, దాంతో ఫలితం కారణం కన్నా ముందే వచ్చినట్టు కనిపించింది. ఆ చార్టు చూసి జనం రకరకాల వివరణలు కూడా ఇచ్చేశారు. అందుకే ఎవరి చార్టు చేతికొచ్చినా నేను మొదట చూసేది, ఏదో ఒక సిరీస్‌లో మధ్యనున్న ఒక చుక్క మీద మౌస్ పెట్టి, ఆ తేదీ షీట్‌లోని తేదీతో కలుస్తోందా లేదా అని.

స్కాటర్ వేసే పద్ధతి. డేటా మీద కాకుండా ఒక ఖాళీ సెల్ మీద క్లిక్ చేసి ఖాళీ స్కాటర్ చార్టు పెట్టండి, లేకపోతే ఎక్సెల్ తనకు తోచినట్టు కాలమ్‌లను సిరీస్‌లుగా పంచేస్తుంది. చార్టు మీద రైట్ క్లిక్ చేసి సెలెక్ట్ డేటా, అందులో యాడ్ నొక్కి పేరు, ఎక్స్, వై ఇవ్వండి. మూడు సిరీస్‌లకూ మూడుసార్లు. సిరీస్‌లు చాలా ఉంటే ఇంకో దారి ఉంది: తేదీ, విలువ ఉన్న రెండు కాలమ్‌లను శీర్షికతో సహా కాపీ చేసి, చార్టును సెలెక్ట్ చేసి, పేస్ట్ స్పెషల్‌లో న్యూ సిరీస్ ఎంచుకుని, మొదటి కాలమ్‌లో ఎక్స్ విలువలు, మొదటి వరుసలో పేరు ఉన్నాయని టిక్ పెట్టండి. నేను ఎక్కువగా ఇలాగే చేస్తాను.

మెలికలు తిరిగే స్మూత్ గీతల రకం మాత్రం వద్దు. చుక్కల మధ్య వంపు తీర్చడానికి అది అసలు కొలతల కన్నా పైకీ కిందికీ పోతుంది. మీరెప్పుడూ కొలవని నీటిమట్టం చార్టులో కనిపిస్తుంది, వర్షపాతం సున్నా కిందికి దిగినట్టు కూడా రావచ్చు.

స్కాటర్‌లో విసుగు తెప్పించేది ఒక్కటే, కింది యాక్సిస్. స్కాటర్‌కు తేదీ అంటే తెలియదు, దానికి అదొక అంకె మాత్రమే. స్ప్రెడ్‌షీట్ ప్రతి తేదీని రోజుల లెక్కగా దాచుకుంటుంది, ఉదాహరణకు 2024 జనవరి 1 అంటే 45292, 2025 జనవరి 1 అంటే 45658. కాబట్టి యాక్సిస్ మొదలు, చివర ఈ అంకెలతోనే ఇవ్వండి. మీ తేదీకి అంకె ఎంతో తెలియకపోతే ఒక సెల్‌లో తేదీ టైప్ చేసి ఫార్మాట్ జనరల్‌కు మార్చితే కనిపిస్తుంది. ఇక్కడ నెలల తలనొప్పి ఒకటి వస్తుంది. యాక్సిస్ గుర్తుల మధ్య దూరం 30 అని పెట్టి లేబుల్‌లో నెల పేరు మాత్రమే చూపిస్తే, 2024కు మొదటి మూడు గుర్తులు జనవరి 1, జనవరి 31, మార్చి 1 మీద పడతాయి. అంటే చదివేవాళ్లకు జనవరి, జనవరి, మార్చి అని కనిపిస్తుంది, ఫిబ్రవరి మాయం. లేబుల్‌లో తేదీతో పాటు నెల చూపించండి, లేదా దూరం 7, 14, 28 లాంటి వారాల లెక్కలో పెట్టండి. నెల మొదటి తేదీల మీదే గుర్తులు కావాలని పట్టుబడితే స్కాటర్ కన్నా కింద చెప్పే రెండో పద్ధతి సుఖం.

రెండో పద్ధతి: అందరికీ ఒకే తేదీల కాలమ్. అన్ని సిరీస్‌ల తేదీలనూ ఒక కాలమ్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టి, డూప్లికేట్లు తీసేసి, వరుసలో సర్ది, పక్కన ఒక్కో సిరీస్‌కు ఒక్కో కాలమ్ పెట్టి, లుకప్ ఫార్ములాతో, అంటే తేదీని వెతికి దాని ఎదురుగా ఉన్న విలువను తెచ్చే ఫార్ములాతో, విలువలు తెచ్చుకోవడం. కొత్త ఎక్సెల్ అయితే వీస్టాక్, యునీక్, సార్ట్ ఫంక్షన్లు కలిపి ఒకే ఫార్ములాలో ఆ తేదీల కాలమ్ తయారవుతుంది, విలువలకు ఎక్స్‌లుకప్. పాతదైతే కాపీ పేస్ట్ చేసి రిమూవ్ డూప్లికేట్స్, ఆపైన వీలుకప్. వీలుకప్ చివర ఫాల్స్ పెట్టడం మరిచిపోకండి. పెట్టకపోతే అది కచ్చితమైన తేదీ దొరకనప్పుడు దగ్గర్లో ఉన్న పాత విలువ తెచ్చి పెడుతుంది, మీరు కొలవని రోజున కూడా కొలత పుట్టుకొస్తుంది.

మీకైతే ఇంత అవసరం లేదు. వర్షపాతం రోజూ రాస్తున్నారు కాబట్టి అందులో ఏడాది తేదీలన్నీ ఎలాగూ ఉన్నాయి. దాని పక్కనే రెండు కాలమ్‌లు వేసి నీటిమట్టాన్నీ మీటరునూ లుకప్ చేసుకుంటే చాలు. తర్వాత వర్షపాతాన్ని కడ్డీలుగా, నీటిమట్టాన్ని గీతగా కాంబో చార్టు వేయండి. నేనైతే మీ డేటాకు ఇదే ఎంచుకుంటాను. యాక్సిస్ రకం డేట్ యాక్సిస్ అని ఉందో లేదో ఒకసారి చూడండి. టెక్స్ట్ యాక్సిస్ అయితే మధ్యలో రోజులు లేకపోయినా అన్నీ సమాన దూరంలో గీసేస్తుంది.

ఈ పద్ధతిలో అందరూ చిక్కుకునేది విలువ లేని రోజుల దగ్గర. లుకప్ విఫలమైతే చాలామంది రెండు కోట్ గుర్తులు పెట్టి సెల్‌ను ఖాళీగా కనిపించేలా చేస్తారు. అది ఖాళీ సెల్ కాదు, ఏమీ లేని టెక్స్ట్. లైన్ చార్టు దాన్ని సున్నాగా గీస్తుంది. మీ నీటిమట్టం రోజూ సున్నాకు పడిపోయి మళ్లీ లేచినట్టు రంపం పళ్లలా వస్తుంది. స్కాటర్‌లో ఇంకా ఘోరం, తేదీల కాలమ్‌లో అలాంటి టెక్స్ట్ పడిందంటే మొత్తం తేదీల్నే వదిలేసి 1, 2, 3 అని లెక్కపెట్టుకుంటుంది. కాబట్టి విలువ లేని చోట ఎన్‌ఏ (#N/A, విలువ దొరకలేదని చెప్పే) ఎర్రర్ రానివ్వండి, దాన్ని దాచే ప్రయత్నం చేయకండి. షీట్‌లో చూడ్డానికి బాగోదంటే కండిషనల్ ఫార్మాటింగ్‌తో అక్షరాల రంగు తేలిక చేయండి.

ఇక సెలెక్ట్ డేటాలో హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్ అనే బటన్ ఉంటుంది. ఖాళీ చోట గీత తెగాలా, సున్నా కావాలా, ముందు వెనుక చుక్కలు కలపాలా అని అడుగుతుంది. కలపమనండి. పాత వెర్షన్లు ఎన్‌ఏ ఉన్నచోట గీతను వాటంతటవే కలిపేసేవి. కొత్త వాటిలో ఎన్‌ఏను కూడా ఖాళీ సెల్‌లా చూడాలన్న టిక్ అదే చోట ఉంటుంది, అందుకే ఒకే ఫైల్ రెండు కంప్యూటర్లలో వేర్వేరుగా కనిపించి జనం కంగారు పడతారు. ఏ వెర్షన్ అయినా చుక్కలకు గుర్తులు తప్పనిసరిగా పెట్టండి. కొలిచింది ఏ రోజో, మధ్యలో ఊరికే కలిపింది ఎక్కడో చూసేవాళ్లకు తెలియాలి.

గూగుల్ షీట్స్ వాడేవాళ్లకు ఒక మాట. అక్కడ స్కాటర్‌లో కూడా ఎక్స్ కాలమ్ ఒక్కటే, సిరీస్‌కొకటి ఇవ్వడం కుదరదు. డేటాను మెట్లలా పేర్చండి: అన్ని తేదీలూ మొదటి (A) కాలమ్‌లో కిందికి కిందికి, మొదటి సిరీస్ విలువలు బి కాలమ్‌లో తన తేదీల ఎదురుగా, రెండోది సి కాలమ్‌లో తన తేదీల ఎదురుగా, మిగతావి నిజంగా ఖాళీ. తర్వాత తేదీ ప్రకారం సార్ట్ చేసి లైన్ చార్టు వేసి, చార్ట్ స్టైల్‌లో ప్లాట్ నల్ వాల్యూస్ టిక్ చేయండి. లిబ్రే ఆఫీస్ కాల్క్‌లో ఈ ఇబ్బంది లేదు, ఎక్స్‌వై స్కాటర్‌లో ప్రతి సిరీస్‌కూ ఎక్స్ రేంజి విడిగా ఇవ్వొచ్చు.

ఇవన్నీ చేసినా గీత పిచ్చిగా వస్తుంటే అనుమానించాల్సింది తేదీలనే. చూడ్డానికి తేదీలా ఉండి లోపల టెక్స్ట్ అయినవి ప్రతి మూడో ఫైల్‌లో కనిపిస్తాయి అంటే అతిశయోక్తి కాదు. ఈజ్‌నంబర్ ఫంక్షన్‌తో కాలమ్ మొత్తం పరీక్షించండి, ఫాల్స్ వచ్చినవన్నీ టెక్స్ట్. ఇంకో తేలిక గుర్తు, కాలమ్‌కు ఏ అలైన్‌మెంటూ పెట్టకుండా వదిలితే అసలు తేదీలు కుడివైపు, టెక్స్ట్ ఎడమవైపు నిలబడతాయి. ఒకే కాలమ్‌లో కొన్ని కుడికి, కొన్ని ఎడమకు ఉంటే మాత్రం జాగ్రత్త, ఎడమవి మార్చుకుంటే సరిపోదు. రోజు ముందు, నెల తర్వాత రాసిన డేటాను నెల ముందు ఉండే సెట్టింగ్‌తో తెరిచినప్పుడు ఇలా జరుగుతుంది. 25/04 లాంటివి అర్థం కాక టెక్స్ట్‌గా మిగిలిపోతాయి, 03/04 మాత్రం నిశ్శబ్దంగా మార్చి 4 అయిపోతుంది. అంటే కుడివైపు బుద్ధిగా నిలబడ్డవే తప్పు తేదీలు. అసలు ఫైల్ నుంచి మళ్లీ తెచ్చుకుని, ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్ టు కాలమ్స్‌లో రోజు, నెల, సంవత్సరం అన్న క్రమంతో మార్చుకోవడమే సరైన దారి.

ఒక సిరీస్ మొత్తం నాలుగేళ్ల దూరంలో పడితే అది ఇంకో జబ్బు. పాత మ్యాక్ ఎక్సెల్ ఫైళ్లు రోజులను 1904 నుంచి లెక్కపెట్టేవి, మిగతావి 1900 నుంచి. రెండింటి మధ్య తేడా 1462 రోజులు, అంటే నాలుగేళ్ల ఒక రోజు. తేడా సరిగ్గా అంతే ఉంటే ఆ కాలమ్‌కు 1462 కలపండి, లేదా ఎటు జరిగిందో చూసి తీసేయండి, సరిపోతుంది.

రోజులో గంటకోసారి రికార్డయ్యే సెన్సర్ డేటాకు రెండో పద్ధతి పనికిరాదు. డేట్ యాక్సిస్‌కు రోజు కన్నా చిన్న యూనిట్ లేదు, ఒక రోజు రీడింగులన్నీ ఒకే నిలువు గీత మీద పడతాయి. సమయం అంటే రోజులో భాగం, మధ్యాహ్నం 12 అంటే 0.5. ఆ దశాంశాలను గౌరవించేది స్కాటర్ ఒక్కటే. ఇలాంటి లాగ్‌లు నా దగ్గరకు తరచూ వస్తాయి, వాటికి నేను ఇంకేదీ ప్రయత్నించను కూడా.

ఇప్పుడు మీ మీటరు సంగతి. ఏ సిరీస్‌కైనా గీసే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ అంకె ఒక రోజుదా, ఒక వ్యవధిదా? నీటిమట్టం ఆ రోజుది. రెండు కొలతల మధ్య అది ఎక్కడో ఉండే ఉంటుంది, కాబట్టి గీతతో కలపడంలో తప్పులేదు, రెండు వారాల ఖాళీలో అది వాన పడ్డ రాత్రి పైకి లేచి మళ్లీ దిగి ఉండొచ్చన్న సంగతి గుర్తుంటే చాలు. వర్షపాతం ఒక రోజు మొత్తం కురిసింది, రెండు రోజుల మధ్య సగటు తీయడానికి అర్థం లేదు, అందుకే కడ్డీలు. మీటరు రీడింగ్ మొదటి నుంచీ పేరుకుపోయే మొత్తం. దాన్ని నేరుగా గీస్తే ఎప్పుడూ పైకి పోయే ఏటవాలు గీత తప్ప ఏమీ కనిపించదు. మీకు కావాల్సింది రెండు రీడింగుల తేడా. అది కూడా నేరుగా కాదు, ఎందుకంటే ఒక రీడింగ్ 28 రోజులకు, ఇంకోటి 33 రోజులకు తీసి ఉంటే పంపు వాడకం పెరగకపోయినా పెరిగినట్టు కనిపిస్తుంది. తేడాను మధ్యలోని రోజులతో భాగించి, రోజుకు సగటు వాడకం తీయండి. తేదీలో నుంచి తేదీ తీసేస్తే రోజులు వస్తాయి కాబట్టి ఫార్ములా చాలా చిన్నది.

ఆ సగటు ఆ వ్యవధి అంతటికీ చెందుతుంది గానీ రీడింగ్ తీసిన రోజుకు కాదు. అందుకని మెట్ల గీతగా గీయడం న్యాయం. స్కాటర్‌లో దీనికి ప్రతి విలువనూ రెండు వరుసల్లో రాయాలి, వ్యవధి మొదలైన తేదీ ఎదురుగా ఒకసారి, ముగిసిన తేదీ ఎదురుగా ఇంకోసారి. అంతే, మెట్లు వాటంతటవే వస్తాయి. రెండో పద్ధతిలో అయితే ప్రతి రోజుకూ ఆ వ్యవధి సగటును నింపాలి. పైన వద్దన్న సుమారు లుకప్ ఇక్కడ పనికొస్తుంది: సగటును వ్యవధి మొదటి తేదీ ఎదురుగా రాసుకుని, తేదీల వరుస పెరిగే క్రమంలో ఉంచి, ఎక్స్‌లుకప్‌లో మ్యాచ్ మోడ్ మైనస్ 1, లేదా వీలుకప్ చివర ట్రూ పెట్టండి. ఒక ధర మారేదాకా అలాగే ఉండడం, ఒక రేటు ఫలానా తేదీ నుంచి అమల్లోకి రావడం, ఇలాంటివన్నీ మెట్ల గీత సరుకే.

మధ్య రోజులకు విలువలు లెక్కగట్టి షీట్‌లో నింపేస్తే బాగుంటుందా అని మీరు చివర్లో అడిగారు. చార్టు కోసమైతే వద్దు, గీత ఎలాగూ ఆ పనే చేస్తోంది. రెండు సిరీస్‌లను ఒకదానితో ఒకటి పోల్చి లెక్క చేయాల్సి వస్తే కూడా, నా అభిప్రాయంలో తక్కువసార్లు కొలిచిన దాన్ని సాగదీయడం కన్నా ఎక్కువసార్లు కొలిచిన దాన్ని కుదించడం మేలు. రెండు నీటిమట్టం కొలతల మధ్య కురిసిన మొత్తం వర్షాన్ని సమ్‌ఇఫ్స్‌తో కూడండి, మట్టంలో వచ్చిన మార్పు పక్కన పెట్టండి. 40 కొలతలకు 39 జతలు వస్తాయి, అన్నీ నిజమైనవే. 365 రోజులకు నింపేస్తే అందులో 325 మీరు సృష్టించినవి, వాటి మీద కోరిలేషన్ (రెండూ ఎంతవరకు కలిసి మారుతున్నాయో చెప్పే అంకె) లెక్కిస్తే వచ్చే అంకెను నమ్మడానికి లేదు. తప్పనిసరై నింపాల్సి వస్తే విడి కాలమ్‌లో నింపి, శీర్షికలో లెక్కగట్టినవి అని రాయండి. కొలిచిన కాలమ్‌ను మాత్రం ముట్టుకోకండి.

కొలమానాలు వేర్వేరు, మిల్లీమీటర్లు, మీటర్లు, యూనిట్లు. రెండో నిలువు యాక్సిస్ ఒకటి పెట్టొచ్చు, మూడోది ఉండదు. ఒక జాగ్రత్త: రెండో యాక్సిస్‌కు కింద కూడా సొంత తేదీ యాక్సిస్ తెప్పించుకోవచ్చు, దాంతో లైన్ చార్టులోనే రెండో తేదీల జాబితా పెట్టే వీలుంది, కొందరు ఈ చిట్కా చెబుతారు కూడా. కానీ పైనా కిందా రెండు యాక్సిస్‌ల మొదలు, చివర చేత్తో ఒకేలా పెట్టాలి, కొత్త డేటా చేరిన రోజు మళ్లీ సరిచేయాలి. ఎవరో ఒకరు మరిచిపోతారు, అందుకే నేను దాన్ని సిఫారసు చేయను. మూడు కొలమానాలు ఉన్నప్పుడు మూడు చిన్న చార్టులు ఒకదాని కింద ఒకటి, ఒకే వెడల్పులో, కింది యాక్సిస్‌కు ఒకే మొదలు ఒకే చివర ఇచ్చి పెట్టండి. వాన ఎప్పుడు పడింది, మట్టం ఎన్ని రోజులకు లేచింది, పంపు ఎప్పుడు ఎక్కువ నడిచింది అన్నది కళ్లతో నిలువుగా దిగుతూ చూసుకోవచ్చు. నీటిమట్టం చార్టులో యాక్సిస్‌ను తలకిందులు చేయడం మరిచిపోకండి, మీరు రాస్తున్నది నేల నుంచి నీటి వరకు లోతు అయితే అంకె పెరగడమంటే నీరు దిగడం.